చెత్తబండి కుళాయి కట్టదు!

ఊరెళ్లేటప్పుడు ఇంట్లో కుళాయిలు కట్టేసే బయల్దేరతాం. ‘పొద్దున్నే చెత్తబండి వస్తుందిగా, అతనే చూసుకుంటాడులే’ అని వదిలేసి వెళ్లం. అతని పని చెత్త తీసుకెళ్లడం. కుళాయి సంగతి అతనికెందుకు? జావాలో ప్రోగ్రాములు రాసేవాళ్లు మాత్రం ఏళ్ల తరబడి సరిగ్గా ఈ పొరపాటే చేశారు.

1995లో సన్ మైక్రోసిస్టమ్స్ విడుదల చేసిన జావాలో ప్రోగ్రామర్లకు పెద్ద ఊరట ‘గార్బేజ్ కలెక్టర్’. వాడి వదిలేసిన మెమరీని తనే వెతికి ఖాళీ చేసేస్తుంది. దానికి తోడు ‘ఫైనలైజ్’ అనే మెథడ్ ఒకటి. ఆబ్జెక్టును పారేసేముందు చేయాల్సిన ఆఖరి పనులు అందులో రాసుకోవచ్చు. నెట్‌వర్క్ కనెక్షన్ మూసే పని కూడా అక్కడే పెట్టేస్తే సరి, ఇక మర్చిపోయినా ఫర్వాలేదు... అనిపిస్తుంది.

చిక్కంతా అక్కడే. కలెక్టర్ చూసేది మెమరీ నిండుతోందా అనే. ఎన్ని కనెక్షన్లు తెరిచి ఉన్నాయో దానికి పట్టదు. మెమరీ పుష్కలంగా ఉంటే చాలాసేపు అటువైపే రాకపోవచ్చు. వచ్చినా ఫైనలైజర్ వెంటనే నడుస్తుందన్న హామీ లేదు. ప్రోగ్రాం ముగిసేలోపు అసలు నడవకపోనూ వచ్చు!

కనెక్షన్లకేమో లెక్కుంది. లినక్స్‌లో ఒక ప్రోగ్రాం ఒకేసారి తెరవగలిగే ఫైళ్లు, సాకెట్లకు మామూలుగా పెట్టే హద్దు 1024. పెంచుకోవచ్చు కానీ ఎంత పెంచినా దానికీ ఓ అంతుంటుంది. అది దాటితే ‘టూ మెనీ ఓపెన్ ఫైల్స్’ అంటూ ఎర్రర్. ఆఫీసులో పదిమంది వాడి చూసినప్పుడు అంతా బాగానే ఉంటుంది. వేలమంది ఒక్కసారిగా వచ్చిన రోజు సర్వర్ కొత్తవాళ్లకు తలుపు తీయదు. మెమరీ చూస్తే సగం కూడా నిండి ఉండదు. దాంతో తప్పెక్కడుందో పట్టుకోవడమే ఓ పరీక్ష.

ఫైనలైజర్ల జోలికి పోవద్దని జోషువా బ్లాక్ తన ‘ఎఫెక్టివ్ జావా’ పుస్తకంలో 2001లోనే హెచ్చరించారు. 2011లో వచ్చిన జావా 7 ‘ట్రై విత్ రిసోర్సెస్’ అనే చక్కటి దారి చూపింది. కనెక్షన్‌ని ఆ బ్లాకులో తెరిస్తే చాలు, పని ముగిసినా మధ్యలో తప్పు జరిగినా బయటికొచ్చేటప్పుడు అదే మూసేస్తుంది. 2017లో జావా 9 ‘ఫైనలైజ్’ను వాడొద్దంది. ఎవరైనా మూయడం మర్చిపోతే ఆఖరి కాపలాగా ఉండేందుకు ‘క్లీనర్’ను ఇచ్చింది. అయితే అదీ కలెక్టర్ వచ్చినప్పుడే కదులుతుంది కాబట్టి దాన్నే నమ్ముకుంటే కష్టం. 2022లో జావా 18 మరో అడుగు వేసి, ఫైనలైజర్లను ముందుముందు తీసేస్తామని చెప్పేసింది.

ఇన్నేళ్ల అనుభవం చెప్పేది ఒకటే. తెరిచినవాళ్లే మూయాలి. ఇంట్లో కుళాయికైనా, సర్వర్లో కనెక్షన్‌కైనా!