పూల పండుగ – ఇంటి లెక్క

వానలు తగ్గుముఖం పడతాయి. ఆకాశం తేటపడుతుంది. సికింద్రాబాద్ బజార్లలోకి సీతాఫలాల గంపలు వస్తాయి. సీతాఫల్‌మండి అనే పేటకు ఈ పండు పేరే ఉంది. మోండా మార్కెట్ దగ్గర రోడ్డు పక్కన పచ్చటి తంగేడు పూలు, తెల్లటి గునుగు పూలు కుప్పలు పడతాయి. వాటిని చూడగానే ఆడవాళ్ళకు తెలిసిపోతుంది. బతుకమ్మ వచ్చింది.

పండుగ ఎప్పుడు వస్తుంది?

భాద్రపద మాసం చివర వచ్చే అమావాస్యను పెత్రమాస అంటారు. ఆ రోజు చనిపోయిన పెద్దలను తలుచుకుంటారు. వాళ్ళ పేరున బియ్యం ఇస్తారు. ఆ సాయంత్రమే బతుకమ్మ ఆట మొదలవుతుంది. తొమ్మిది రోజులు ఆడతారు.

రోజుకో పేరు ఉంది. మొదటి రోజు ఎంగిలిపూల బతుకమ్మ. రెండో రోజు అటుకుల బతుకమ్మ. మూడో రోజు ముద్దపప్పు బతుకమ్మ. నాలుగో రోజు నానబియ్యం బతుకమ్మ. అయిదో రోజు అట్ల బతుకమ్మ. ఆరో రోజు అలిగిన బతుకమ్మ. ఆ రోజు పూలు పేర్చరు, నైవేద్యం పెట్టరు. ఏడో రోజు వేపకాయల బతుకమ్మ. ఎనిమిదో రోజు వెన్నముద్దల బతుకమ్మ. తొమ్మిదో రోజు సద్దుల బతుకమ్మ. అదే పెద్ద బతుకమ్మ.

2014లో తెలంగాణ రాష్ట్రం ఏర్పడింది. ఆ ఏడాదే బతుకమ్మను రాష్ట్ర పండుగగా ప్రకటించారు. తంగేడును రాష్ట్ర పువ్వుగా, జమ్మిని రాష్ట్ర చెట్టుగా ప్రకటించారు.

ఆ పేరు ఎందుకు?

పెద్దలు ఒక కథ చెబుతారు. ధర్మాంగదుడు అనే రాజు, ఆయన భార్య సత్యవతి. వాళ్ళకు నూరుగురు కొడుకులు. అందరూ యుద్ధంలో చనిపోయారు. ఆ తల్లి ఏడ్చి ఏడ్చి నోములు పట్టింది. లక్ష్మీదేవి ఆమె కడుపున కూతురై పుట్టింది. ఈ పిల్ల అయినా బతకాలి అని అందరూ దీవించారు. అందుకే ఆమెకు బతుకమ్మ అని పేరు పెట్టారు.

ఇంకా వేరే కథలు కూడా ఉన్నాయి. ఏ కథ చెప్పినా పేరులో ఉన్న మాట ఒకటే. బతుకు. ఆడపిల్ల బతకాలి, చల్లగా ఉండాలి అని కోరుకునే పండుగ ఇది.

ఎవరూ నాటని పూలు

తంగేడును ఎవరూ విత్తరు. నీళ్ళు పొయ్యరు. బీడు భూమిలో, గట్ల మీద దానంతట అదే పెరుగుతుంది. దాని బెరడును వెనుకటి రోజుల నుంచి తోళ్ళు పదును చెయ్యడానికి వాడారు. గునుగు కూడా అంతే. జొన్న చేలో, మక్క చేలో మొలుస్తుంది. రైతు దాన్ని కలుపు అని పీకి పారేస్తాడు. ఆ కలుపు పువ్వే బతుకమ్మలో చేరి పూజ అందుకుంటుంది.

ఊళ్ళో ఈ పూలకు పైసా ఖర్చు లేదు. మగవాళ్ళు, పిల్లలు పొద్దుగాల పోయి కోసుకొస్తారు. ఆడవాళ్ళు పేరుస్తారు. పట్నంలో బీడు భూమి ఎక్కడుంది? చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ఆడవాళ్ళే పూలు తెచ్చి అమ్ముతారు. తెల్లవారకముందే పూలు కోస్తారు. బస్సుల్లో, ఆటోల్లో మూటలు వేసుకొని వస్తారు. వాళ్ళకూ ఇది నాలుగు రాళ్ళు దొరికే కాలం.

సద్దుల బతుకమ్మ దగ్గర పడే కొద్దీ ధర పెరుగుతుంది.

"ఏమక్కా, గునుగు కట్ట ఎంత చెప్పింది?"

"నిన్నటికి ఇయ్యాలకు పెంచింది చెల్లే. నలుగురం కల్సి గంప తీసుకుంటే అగ్గువ పడుతది."

ఈ మాటలో తెలివి ఉంది. గునుగు తొందరగా వాడదు. రెండు మూడు రోజుల ముందే కొనిపెట్టుకోవచ్చు. తంగేడు మాత్రం తొందరగా రాలిపోతుంది. దాన్ని ఆ పూటకు ఆ పూటే కొనాలి.

బంతి పూలను ఇంట్లోనే పూయించవచ్చు. ఎండిన బంతి పువ్వును నలిపి మట్టిలో చల్లితే చాలు, మొలకలు వస్తాయి. రెండు నెలల్లో పూస్తాయి. సికింద్రాబాద్‌లో ఉజ్జయిని మహంకాళి బోనాలు ఆషాఢంలో జరుగుతాయి. బోనాల నాడు చల్లితే బతుకమ్మ నాటికి పూలు చేతికి వస్తాయి. పాత డబ్బా, పగిలిన బకెట్టు ఉన్నా సరిపోతుంది.

బతుకమ్మను ఎలా పేరుస్తారు?

సిబ్బిలో గానీ తాంబాళంలో గానీ గుమ్మడి ఆకులు, లేకపోతే మోదుగ ఆకులు పరుస్తారు. వాటి మీద తంగేడు పూలు గుండ్రంగా పేరుస్తారు. గునుగు కాడలను ఒకే పొడవున కోస్తారు. చిన్న చిన్న కట్టలుగా దారంతో కడతారు. వాటిని మరో వరుస పెడతారు. తరువాత బంతి, చామంతి, కట్ల పూలు. పైకి పోయే కొద్దీ వరుస చిన్నది అవుతుంది. మధ్యలో ఆకులు, పూల ముక్కలు నింపుతారు. నింపకపోతే బతుకమ్మ కుంగిపోతుంది. కొసన గుమ్మడి పువ్వు పెట్టి, అందులో పసుపుతో చేసిన గౌరమ్మను నిలుపుతారు. పెద్ద బతుకమ్మ పక్కన చిన్న బతుకమ్మను తోడు పెడతారు.

గునుగును కొందరు రంగు నీళ్ళలో ముంచుతారు. అవి మందు రంగులు. పని అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి. చిన్నపిల్లలు ఆ పూలు నోట్లో పెట్టుకోకుండా చూడాలి. తెల్లటి గునుగుతో పేర్చినా బతుకమ్మ అందంగానే ఉంటుంది.

అందరూ ఆడే ఆట

సాయంత్రం బస్తీలో ఖాళీ జాగా చూసుకుంటారు. గుడి ముందు గానీ, బోరింగు దగ్గర గానీ వాకిలి ఊడ్చి ముగ్గు వేస్తారు. బతుకమ్మలను నడుమ పెడతారు. చుట్టూ తిరుగుతూ చప్పట్లు కొడతారు. ఒకరు పాట ఎత్తుకుంటే మిగతా వాళ్ళు అందుకుంటారు. చదువు రాని ముసలమ్మలకు కూడా ఎన్నో పాటలు నోటికి వస్తాయి. పుట్టింటి బాధలు, అత్తింటి కష్టాలు, ఊరి సంగతులు ఆ పాటల్లో ఉంటాయి. చదువు నేర్చుకున్న వాళ్ళు ఆ పాటలను నోటుబుక్కులో రాసి పెట్టవచ్చు. లేకపోతే ఆ ముసలమ్మలతోనే అవి పోతాయి.

భర్త చనిపోయిన ఆడవాళ్ళను కొన్ని చోట్ల పక్కన కూర్చోబెడతారు. పసుపు కుంకుమ ఇవ్వరు. ఇది సరి కాదు. బతుకు అందరిదీ. పూలు అందరివీ. పిలిచి పక్కన నిలబెట్టుకుంటే ఆమెకు ఎంత ధైర్యం వస్తుందో చూడాలి.

సికింద్రాబాద్‌లో అన్ని రకాల జనం ఉన్నారు. 1806లో ఈ ఊరికి నిజాం సికందర్ జా పేరు పెట్టారు. ఇక్కడ ఇంగ్లీషు వాళ్ళ సైన్యం ఉండేది. 1874లో రైలు వచ్చింది. సైన్యం పనికి, రైల్వే పనికి ఎక్కడెక్కడి వాళ్ళో వచ్చి స్థిరపడ్డారు. అందుకే ఈ పది రోజులూ ఒకే వీధిలో ఎన్నో పండుగలు కనబడతాయి. అరవ వాళ్ళ ఇంట్లో మెట్లు మెట్లుగా బొమ్మల కొలువు ఉంటుంది. చూడబోయిన వాళ్ళకు గుగ్గిళ్ళు పెడతారు. గుజరాతీలు కోలలతో ఆడతారు. బెంగాలీలు దుర్గమ్మను నిలుపుతారు. పిల్లలు అన్ని ఇళ్ళకూ పోయి ప్రసాదం తిని వస్తారు.

నీళ్ళలో వదిలేటప్పుడు

ఆట అయ్యాక బతుకమ్మను నీళ్ళలో సాగనంపుతారు. తెచ్చుకున్న సద్దులు అక్కడే పంచుకుంటారు. పులిహోర, పెరుగన్నం, నువ్వుల సద్ది, కొబ్బరి సద్ది, మలీద. ఒకరి ఇంటి రుచి మరొకరు చూస్తారు.

హైదరాబాద్‌కు, సికింద్రాబాద్‌కు నడుమ హుస్సేన్ సాగర్ ఉంది. ఇది కుతుబ్‌షాహీల కాలంలో, 16వ శతాబ్దంలో తవ్వించిన చెరువు. అప్పటికి ఇప్పటికి జనం ఎన్నో రెట్లు పెరిగారు. కొన్ని పూలు నీళ్ళలో కలిస్తే నష్టం లేదు. కుప్పలు కుప్పలుగా పడితే నష్టమే. పూలు కుళ్ళేటప్పుడు నీళ్ళలో ఉండే ప్రాణవాయువు తగ్గిపోతుంది. చేపలకు ఊపిరి ఆడదు. వాటికి తోడు ప్లాస్టిక్ కవర్లు, రంగులు కలిస్తే నీళ్ళు ఇంకా పాడవుతాయి.

అందుకే మున్సిపాలిటీ వాళ్ళు చాలా చోట్ల చిన్న కుంటలు, ఘాట్లు ఏర్పాటు చేస్తున్నారు. అక్కడే వదలడం మంచిది. కవర్లు, అగరుబత్తి డబ్బాలు ఇంటికి తిరిగి తెచ్చుకోవాలి. పిల్లలను నీళ్ళ దగ్గరికి ఒంటరిగా పంపరాదు.

పండుగ ఎవరి మీద పడుతుంది?

తొమ్మిది రోజులూ ఇంట్లో పని పెరుగుతుంది. ఇల్లు దులపాలి. బట్టలు ఉతకాలి. సత్తుపిండి విసరాలి. పుట్టింటికి వచ్చిన ఆడబిడ్డలకు వండి పెట్టాలి. ఇళ్ళల్లో పని చేసేవాళ్ళు, కూలికి పోయేవాళ్ళు ఆ పనికి కూడా పోవాలి. బతుకమ్మ కూడా ఒక రోజు అలిగి కూర్చుంటుంది. ఇంటి ఆడదానికి ఆ ఒక్క రోజు కూడా దొరకదు. పూలు తెచ్చే పని ఊళ్ళో మగవాళ్ళదే. పట్నంలో కూడా వాళ్ళు మార్కెట్‌కు పోవచ్చు. గునుగు కాడలు కొయ్యవచ్చు. నీళ్ళు మొయ్యవచ్చు.

ఇక డబ్బు సంగతి. పూలకు, పసుపుకు అయ్యే ఖర్చు కొంతే. కొత్త బట్టలు, దసరా నాటి మాంసం, తాగుడు – వీటి దగ్గరే చెయ్యి దాటుతుంది. అప్పుడు అప్పు చేస్తారు.

ఒక ఇంట్లో 3,000 రూపాయలు అప్పు తెచ్చారు అనుకుందాం. నూటికి నెలకు 5 రూపాయల వడ్డీ. అంటే నెలకు 150 రూపాయలు. ఆరు నెలలు అసలు తీర్చకపోతే వడ్డీయే 900. ఏడాది తీర్చకపోతే వడ్డీయే 1,800. మళ్ళీ బతుకమ్మ వచ్చేసరికి పాత పండుగ అప్పు అలాగే ఉంటుంది.

మరో లెక్క చూడండి. రోజుకు 10 రూపాయలు డబ్బాలో వేస్తే నెలకు 300. పది నెలలకు 3,000. దీపావళి వెళ్ళాక మొదలుపెడితే బతుకమ్మ నాటికి ఆ డబ్బు చేతిలో ఉంటుంది. పొదుపు సంఘంలో దాచుకుంటే ఇంకా మంచిది. అవసరం పడితే అక్కడ తక్కువ వడ్డీకి అప్పు కూడా దొరుకుతుంది.

లెక్క రాస్తే ఏమవుతుంది? డబ్బు ఎక్కడికి పోతోందో కంటికి కనబడుతుంది. చదువు నేర్చిన ఆడవాళ్ళు ఈ పని చేసి చూపించారు. నెల్లూరు జిల్లాలో దూబగుంట అనే ఊరు ఉంది. అక్షరాస్యత తరగతుల్లో అక్కడి ఆడవాళ్ళు తమ కష్టాల గురించి మాట్లాడుకున్నారు. కూలి డబ్బు సారా కొట్టుకు పోతోందని గట్టిగా అడిగారు. 1992లో ఆ ఉద్యమం ఊరూరికీ పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో సారా అమ్మకం నిషేధించారు. అడగడం వాళ్ళతోనే మొదలైంది.

ఆకు బంగారం

సద్దుల బతుకమ్మ వెళ్ళాక దసరా వస్తుంది. ఆటోలకు, కుట్టుమిషన్లకు, పనిముట్లకు బొట్టు పెట్టి పూజ చేస్తారు. గుమ్మడికాయ కొడితే ముక్కలు రోడ్డు మీద వదలరాదు. బండ్లు జారి పడతాయి.

సాయంత్రం పాలపిట్టను చూస్తారు. జమ్మి చెట్టు దగ్గరికి పోతారు. జమ్మి ఆకు తెచ్చి ఒకరి చేతిలో ఒకరు పెడతారు. దాన్నే బంగారం అంటారు. పెద్దల చేతిలో పెట్టి కాళ్ళకు మొక్కుతారు. తోటి వాళ్ళకు ఇచ్చి అలాయ్ బలాయ్ తీసుకుంటారు. మాటలు లేని ఇరుగు పొరుగు కూడా ఆ రోజు మాట్లాడుకుంటారు.

ఈ పండుగలో పువ్వు బీడులో పూసింది. బంగారం చెట్టు మీది ఆకు. ఇంత పండుగకు ఇల్లు అప్పుల పాలు కావలసిన పని లేదు.

రాయండి

మీ ఇంటి పండుగ లెక్క ఒక కాగితం మీద రాయండి.

పూలకు ........ రూపాయలు
సద్దులకు ........ రూపాయలు
బట్టలకు ........ రూపాయలు
దసరా నాటి ఖర్చు ........ రూపాయలు
మొత్తం ........ రూపాయలు

పండుగకు ముందు ఒకసారి రాయండి. పండుగ అయ్యాక, నిజంగా ఎంత అయిందో పక్కన రాయండి. ఎక్కడ ఎక్కువైందో ఇంట్లో అందరికీ చదివి వినిపించండి. ఆ కాగితం దాచి పెట్టండి. వచ్చే పెత్రమాసకు పనికి వస్తుంది.