పాత జీపును కొనుటకు ముందు



సంతలో కోడెను కొనునపుడు మీరు దాని మెడగంటలను చూచి డబ్బు లెక్కపెట్టరు. పండ్లు చూతురు, నాలుగడుగులు నడిపింతురు, వీలైనచో కాడి కట్టి చూతురు. అంతకు ఎన్నో రెట్లు ఖరీదు చేయు పాత జీపును కొనునపుడు మాత్రము మనలో అనేకులు రంగును, టైర్ల నలుపును చూచి బయానా ఇచ్చివేయుచున్నారు. నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతములలో శనగ అమ్మిన రొక్కము చేతికి వచ్చిన దినములలో ఇట్టి బేరములు తరచుగా నా చెవిని పడుచుండును.

మన వాడుకలో ఇవన్నియు జీపులే. నేడు వీనినే ఎస్.యు.వి. అనుచున్నారు. 1994లో సుమో, 2000లో బొలెరో, 2002లో స్కార్పియో మార్కెట్టులోనికి వచ్చినవి. నేలకు ఎత్తుగా ఉండుటచేతను, చట్రము గట్టిది అగుటచేతను పొలము దారులకు ఇవి అనువైనవి. అయితే “ఏ కంపెనీ బండి మంచిది?” అని అడుగుటకంటె “ఈ బండి ఇంతవరకు ఎట్లు బ్రతికినది?” అని అడుగుట మేలు.

ఇద్దరు రైతుల అనుభవము

సిరివెళ్ల వైపు ఒక రైతు సాయంకాలము బండిని చూచి, మెరుగునకు మురిసి, అప్పుడే సొమ్ము చెల్లించెను. వారము తిరుగకమునుపే తెల్లవారుజామున బండి కదలలేదు. రేడియేటరులో నీరు నిలువలేదు. ఇంజను విప్పించవలసి వచ్చినది. ఎరువులకని దాచిన సొమ్ము షెడ్డు పాలైనది. విత్తు సమయమున ఆయన బాడుగ బండిని పిలువవలసి వచ్చినది.

ఆళ్లగడ్డ దగ్గర మరియొక రైతు అంతకంటె పాతది, రంగు వెలసినది కొనెను. కాని అది ఎరిగినవారి బండి. ఆయిలు మార్చిన ప్రతిసారి రసీదు దాచియుంచిరి. ఆరేండ్లుగా బ్యాటరీ, టైర్లు, బ్రేకు పట్టీలు తప్ప పెద్ద ఖర్చు రాలేదని ఆయన చెప్పెను.

పరీక్షించు విధము

1. బండిని ఉదయము, ఇంజను చల్లగా ఉన్నపుడే చూడవలెను. అమ్మువారు ముందే నడిపి వేడిచేసి ఉంచినచో మరునాడు రావలెను. చల్లని ఇంజను ఎట్లు అందుకొనునో అదియే దాని ఆరోగ్యము.

2. పొగను గమనించవలెను. నీలిపొగ ఆగక వచ్చినచో ఆయిలు కాలుచున్నదని అర్థము. ఇంజను వేడెక్కిన తరువాతను దట్టమైన తెల్లపొగ వచ్చుచున్నచో మెకానిక్కునకు చూపక ముందడుగు వేయరాదు. ఇంజను చల్లగా ఉన్నపుడే రేడియేటరు మూత తీసి చూడవలెను. నీటిపై జిడ్డు తేలుట మంచి లక్షణము కాదు.

3. నల్లరేగడి తడిసినపుడు చక్రములను పట్టివేయును. బురదలో బండిని ఊపి ఊపి లాగినచో క్లచ్ అరిగిపోవును. చదునైన ఖాళీ స్థలమున చేతిబ్రేకు వేసి, మూడవ గేరులో క్లచ్‌ను మెల్లగా వదలవలెను. ఇంజను ఆగిపోవలెను. ఆగక తిరుగుచున్నచో క్లచ్ జారుచున్నదన్నమాట. ఈ పరీక్ష ఒకసారి చాలును.

4. చట్రము క్రింద పేరుకొన్న మట్టిని గీకి, తుప్పును చూడవలెను. సీటు బెల్టును చివరివరకు లాగవలెను. లోపల బురద చార ఉన్నచో బండి నీట మునిగినదేమో అని అనుమానింపవలెను.

5. టైరు ప్రక్కన నాలుగంకెలు ఉండును. 3621 అనగా 2021వ సంవత్సరము 36వ వారమున తయారైనదని అర్థము. మీటరులో కిలోమీటర్లు తక్కువగా ఉండి, పెడళ్ల రబ్బరు నున్నగా అరిగియున్నచో మీటరును నమ్మరాదు.

6. 2020 ఏప్రిల్ 1 తరువాతి బి.ఎస్.6 డీజిల్ బండ్లలో పొగగొట్టమున మసిని పట్టు జల్లెడ ఉండును. ఇంటికిని చేనికిని మాత్రమే తిరిగిన బండిలో ఇది పూడుకొనును. అప్పుడప్పుడు పెద్ద రోడ్డుపై నిలకడ వేగమున నడిపిన మసి కాలిపోవును. నంద్యాల నుండి ఆళ్లగడ్డకు గల సుమారు 40 కిలోమీటర్ల దారి ఇందుకు చక్కగా సరిపోవును.

కాగితముల సంగతి

చాసిస్, ఇంజను నంబర్లు ఆర్.సి.తో సరిపోవలెను. బ్యాంకు అప్పు తీరినదను పత్రమును, ఫారం 35ను అడిగి తీసికొనవలెను. సొంత వాడుక బండికి రిజిస్ట్రేషను 15 సంవత్సరములు చెల్లును. ఆపైన తనిఖీ చేయించి అయిదేండ్లకొకసారి పొడిగించుకొనవలెను.

అమ్మువారికి ఒక హెచ్చరిక. తెల్లకాగితముపై సంతకము చేసి తాళము ఇచ్చినంత మాత్రమున మీ బాధ్యత తీరదు. ఫారం 29, 30 నింపవలెను. రాష్ట్రములోపల అమ్మకమైనచో అమ్మినవారు 14 దినములలో, కొన్నవారు 30 దినములలో రవాణాశాఖకు తెలుపవలెను. రిజిస్టరులో ఎవరి పేరున్నదో వారే యజమానియని, ప్రమాద పరిహారమునకు వారే బాధ్యులని సుప్రీంకోర్టు 2018లో తీర్పు చెప్పియున్నది. బీమాను సైతము 14 దినములలో మార్పించుకొనవలెను.

లెక్క వేయండి

సంవత్సరమున ఎన్ని దినములు బండి నిజముగా కావలెనో వ్రాసికొనండి. ఆ దినముల బాడుగకంటె డీజిలు, బీమా, మరమ్మతులు, కట్టవలసిన వడ్డీ ఎక్కువైనచో బాడుగయే మేలు. కొనదలచినచో చేతనున్న సొమ్మంతయు ధరకే పెట్టక, కనీసము అయిదవ వంతును మొదటి ఏటి మరమ్మతులకు విడిగా ఉంచండి. కొన్న వెంటనే ఆయిలు, వడపోతలు మార్పించండి. మన మట్టిదారులలో గాలి వడపోతను తరచుగా శుభ్రపరచండి.

మెకానిక్కునకు ఇచ్చు ఒక పూట కూలికి వెనుకాడి ఒక పంట సొమ్మును పోగొట్టుకొనకండి. గ్రామోద్యోగులు ఈ విషయములను చదువురాని రైతులకు చదివి వినిపింప ప్రార్థన.