మృగచర్మం నుంచి ప్రతిమ దాకా: మైసూరు వాన్ ఇంగెన్ కర్మశాల పనితీరు – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం: వేటగాళ్లు, గాలపు వేటగాళ్లు తెచ్చిన జంతుచర్మాలను ప్రతిమలుగా మలచే వృత్తిని టాక్సిడెర్మీ అంటారు. ఇరవయ్యో శతాబ్దంలో మైసూరు కేంద్రంగా నడిచిన వాన్ ఇంగెన్ కర్మశాల ఆధారంగా ఆ వృత్తి పనితీరును ఈ వ్యాసం వివరిస్తుంది. అటువంటి ప్రతిమలో జంతువుకు చెందినదెంత, కర్మశాలకు చెందినదెంత అనేది ఇందులోని ప్రధానాంశం.

కీలకపదాలు: టాక్సిడెర్మీ, చర్మవిన్యాసం, వేట, మైసూరు, మహసీర్, వన్యప్రాణి చట్టం.

1. పదం – అర్థం

టాక్సిడెర్మీని తెలుగులో చెప్పవలసి వచ్చినప్పుడు ‘గడ్డి కూరిన పులి’ వంటి మాటే ముందుగా స్ఫురిస్తుంది. దీనికి గ్రామజీవితంలో ఆధారం ఉంది. దూడ చనిపోయినప్పుడు దాని తోలులో గడ్డి కూరి, ఆవు ఎదుట నిలిపి, చేపు వచ్చాక పాలు పితికే అలవాటు పశుపోషకులకు తెలిసినదే. ఆ బొమ్మకు దూడ పోలిక అంతగా అక్కరలేదు. ఆవుకు తన దూడ వాసన తగిలితే చాలు. వేటగాడు కోరినది దీనికి పూర్తిగా భిన్నం. అతనికి కావలసింది చూసేవారిని నమ్మించే రూపం. గ్రీకుభాషలో ‘టాక్సిస్’ అంటే అమరిక, ‘డెర్మా’ అంటే చర్మం. ఈ వ్యుత్పత్తిని బట్టి ‘చర్మవిన్యాసం’ అనడం ‘కూరడం’ కంటె వస్తువుకు దగ్గరగా ఉంటుంది. మంచి కర్మశాలలో కూరడమనే పని దాదాపు లేదు.

2. అడవి నుంచి కర్మశాలకు

యూజీన్ వాన్ ఇంగెన్ 1900 ప్రాంతంలో మైసూరులో ఈ సంస్థను నెలకొల్పారు. బోయర్ యుద్ధ సేనానుల పేర్లు పెట్టుకున్న ఆయన కుమారులు బోతా, డి వెట్, జూబెర్ ఆ తరవాత దానిని నడిపారు. సంస్థానాధీశులు, బ్రిటిష్ అధికారులు, తోటల యజమానులు దీని ఖాతాదారులు. వేలాది పులులు, చిరుతలు ఈ కర్మశాల గుండా వెళ్లాయి.

పనిలో మొదటి భాగం కర్మశాలలో కాక అడవిలోనే జరిగేది. ఉష్ణప్రాంతంలో కళేబరం త్వరగా కుళ్లుతుంది. ఆలస్యమైతే వెంట్రుకలు కుదుళ్లతో సహా ఊడివస్తాయి. ఆ తరవాత ఎంతటి నిపుణుడైనా చేయగలిగింది లేదు. అందువల్ల జంతువు పడిన కొద్ది గంటల్లోనే చర్మం ఒలిచి, కొవ్వు గీకి, ఉప్పు పట్టించి, నీడలో ఆరబెట్టి పంపవలసి ఉండేది. పెదవులు, చెవులు, పాదాల దగ్గర అజాగ్రత్త ఎక్కువ నష్టం తెచ్చేది. వేటగాళ్లు ఈ పని సరిగా చేయడానికి సంస్థ సూచనల పుస్తకం అచ్చువేసి ఇచ్చేది. ఒక సేవాసంస్థ తన ఖాతాదారుకు తొలి మెట్టు పని నేర్పవలసి రావడం ఈ వృత్తిలోని విశేషం.

3. అచ్చులోని పులి

కర్మశాల చేరిన చర్మాన్ని శుద్ధిచేసి, పదునుపెట్టి, పలచన చేసేవారు. ఆ తరవాతి దశలోనే వాన్ ఇంగెన్ ప్రత్యేకత కనిపిస్తుంది. వివిధ పరిమాణాలలో, భంగిమలలో ముందే సిద్ధంగా ఉన్న అచ్చుల్లో కాగితపు గుజ్జుతో బోలు దేహాలను పోసేవారు. చర్మానికి తగిన దేహాన్ని ఎంచుకొని, దానిపై చర్మం తొడిగి, కుట్లు కనపడకుండా కుట్టేవారు. గాజుకళ్లు అమర్చి, నాలుకనూ చిగుళ్లనూ మలచి రంగు వేసేవారు.

పళ్లు బయటపెట్టి గర్జించే పులి ముఖం ఈ సంస్థ పేరు చెప్పగానే గుర్తొచ్చే రూపం. చనిపోయిన క్షణంలో ఆ జంతువు గర్జిస్తున్నదా, పారిపోతున్నదా, నిద్రిస్తున్నదా అనేది చర్మం చెప్పదు. గోడమీది కోపం అచ్చు ఇచ్చినది. వేటగాడి ధైర్యానికి అది అవసరమైన సాక్ష్యం కాబట్టి ఖాతాదారులెవరూ ఆక్షేపించినట్లు లేదు!

పరిమాణం విషయం మరింత చిక్కైనది. పులి పొడవును కొలవడానికి వేటగాళ్లలో రెండు పద్ధతులుండేవి. ముక్కు కొన దగ్గర, తోక కొన దగ్గర మేకులు పాతి వాటి మధ్య దూరాన్ని తిన్నగా కొలవడం ఒకటి. వెన్ను వంపుల వెంబడి టేపు పరిచి కొలవడం రెండవది. రెండవ పద్ధతిలో పొడవు పెరుగుతుంది. ఒలిచిన చర్మం ఇంకా సాగుతుంది. కనుక ప్రతిమను చూసి జీవించిన పులి కొలతలు నిర్ధారించడం సురక్షితం కాదు.

4. చట్టం

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం టాక్సిడెర్మీ పనికి లైసెన్సు తప్పనిసరి చేసింది. ప్రతిమలున్నవారు వాటిని ప్రకటించాలని కోరింది. 1986 సవరణ షెడ్యూలు జంతువుల ప్రతిమల వ్యాపారాన్నీ, 1991 సవరణ వేటనూ దాదాపు మూసివేశాయి. మైసూరు కర్మశాల 1990ల చివరలో ఆగిపోయింది. ముంబయిలోని సంజయ్ గాంధీ జాతీయ ఉద్యానంలో 2009లో ప్రారంభమైన టాక్సిడెర్మీ కేంద్రానికి ఆధారం వేట కాదు. అక్కడికి వచ్చేవి సహజంగానో ప్రమాదవశాత్తునో మరణించిన జంతువులు.

5. చేప

చేపచర్మం విషయంలో కర్మశాల పాత్ర ఇంకా పెరుగుతుంది. పులి చారలు చర్మంతోపాటే నిలుస్తాయి. చేప వర్ణం మాత్రం ప్రాణంతోపాటే పోవడం మొదలుపెడుతుంది, ఆరాక మిగిలేది మాసిన గోధుమరంగు. అందుచేత గోడమీది చేప రంగు అంతా చిత్రకారుడి జ్ఞాపకమే.

వాన్ ఇంగెన్ సోదరులు స్వయంగా గాలపు వేటగాళ్లు. డి వెట్ 1946లో కావేరీ నదీవ్యవస్థలో పట్టిన 120 పౌండ్ల మహసీర్ (సుమారు 54 కిలోలు) గాలపు వేటగాళ్ల లోకంలో నేటికీ ప్రస్తావనకు వస్తుంది. మూపురం గల ఈ మహసీర్ బ్రిటిష్ కాలం నుంచీ ప్రఖ్యాతం. దాని బరువులు, ఛాయాచిత్రాలు, వేట కథలు విస్తారంగా ఉన్నాయి. అయినా ఆ చేపకు శాస్త్రీయంగా స్థిరపడిన పేరు మాత్రం చాలాకాలం లేదు. వర్గీకరణకు కావలసింది పట్టిన చోటు తెలిసిన, అవయవాలు చెడని నమూనా. ప్రతిమకు పూర్వరంగంలోనే దేహాన్ని తీసివేస్తారు. మొప్పలు, కండ, అస్థిపంజరం పోతాయి.

2007లో కావేరీ ఉపనది పాంబార్‌లోని చిన్న చేపల ఆధారంగా టోర్ రేమాదేవీ అనే జాతిని వర్ణించారు. ఆ చేపలూ, మూపురపు మహసీరూ ఒకే జాతి అని 2018లో ప్రచురితమైన పరిశోధన తేల్చింది. అదే సంవత్సరం అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం ఆ జాతిని తీవ్రంగా అంతరించే ప్రమాదంలో ఉన్నదిగా గుర్తించింది.