పనివల్ల వచ్చిన నొప్పేనా?

మదనపల్లె టమోటా మండీల్లో పొద్దస్తమానం వంగి కాయలు ఏరే మనిషికి పొత్తికడుపు లాగితే పనివల్లే అనుకుంటుంది. తెల్లబట్ట అయితే వేడి చేసిందనుకుని మజ్జిగ తాగుతుంది. నెలల తరబడి వదలని ఆ నొప్పి గర్భాశయంలో, ఫలోపియన్ గొట్టాల్లో పాతుకున్న ఇన్ఫెక్షన్ కావచ్చు.

ఒక్క పరీక్షతో ఇది తేలదు. డాక్టరమ్మ లోపల చూస్తూ గర్భాశయ ముఖద్వారాన్ని కదిపినప్పుడు కలుక్కుమనడం పెద్ద ఆనవాలు. స్కానింగ్ బాగుందంటే జబ్బు లేనట్టు కాదు. ప్రభుత్వ సురక్ష క్లినిక్కుల్లో ఈ జబ్బుకిచ్చే పసుపు కిట్టు ఉచితం: ఒక్క డోసు సెఫిక్సిమ్, 14 రోజులు డాక్సీసైక్లిన్, మెట్రోనిడజోల్. నొప్పి తగ్గిందని మధ్యలో ఆపకూడదు. అతని నుంచి మళ్లీ సోకవచ్చు కనుక భర్తకూ వైద్యం జరగాలి. ఇక్కడే చాలా ఇళ్లలో మాట పెగలదు, ఆమె మళ్లీ జబ్బుపడుతుంది.

అయినా లొంగకపోతే?

మదనపల్లె పక్కనున్న ఆరోగ్యవరం గుర్తుకు రావాలి. 1912లో క్షయ శానిటోరియంగా మొదలైంది అది. క్షయ ఊపిరితిత్తులతో ఆగదు. దగ్గు లేకుండానే రక్తంలో సాగి గొట్టాల్లో చేరుతుంది. పుంగనూరైనా కుప్పమైనా, పిల్లలు కలగక తిరుగుతున్న ఆడపిల్లకు ఈ అనుమానంతో గర్భాశయ పొర ముక్క తీసి పరీక్షించాలి, అవసరమైతే లాపరోస్కోపీ చేయాలి. క్షయ అని తేలితే సాధారణంగా ఆరు నెలల మందులు, ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది. క్రిములు చస్తాయి. మూసుకుపోయిన గొట్టం మాత్రం చాలాసార్లు తెరుచుకోదు.