బియ్యమునకు రబ్బరు: సింహళము, చైనాల ఒడంబడిక

రెండు దేశముల నడుమ ముందుగా రాయబారులు, పిదప వర్తకము ఏర్పడునని మనము సాధారణముగా తలంతుము. అందుకు భిన్నముగ వర్తకమే ముందు నడచి రాయబారులకు దారి చూపిన సందర్భములు కూడ కలవు. 1952లో సింహళమునకును చైనాకును కుదిరిన ఒడంబడిక అట్టిది. పంచాయతీ సభ్యులు దీనిని తెలిసికొనుట ప్రయోజనకరమని మేము భావించుచున్నాము.

నేడు శ్రీలంక యనబడు దేశమునే ఆనాడు సింహళమనియు, సిలోననియు వ్యవహరించెడివారు. అచట తేయాకు, రబ్బరు, కొబ్బరి తోటలు విస్తారము. కాని ప్రజలు తిను బియ్యములో చాల భాగము విదేశముల నుండియే రావలసియుండెను. 1950లో కొరియా యుద్ధము ప్రారంభము కాగానే రబ్బరు ధర మిక్కిలి పెరిగెను. 1951 తరువాత పడిపోయెను. బియ్యపు ధర మాత్రము పైకే పోయెను. అమ్మబోయిన అడవి, కొనబోయిన కొరివి యన్నట్లయ్యెను.

అదే సమయమున చైనాకు రబ్బరు కావలసియుండెను. యుద్ధమునకు పనికివచ్చు సరకులను చైనాకు పంపరాదని 1951 మే నెలలో ఐక్యరాజ్యసమితి తీర్మానించుటచే, అది దొరకుట కష్టమయ్యెను. సింహళము ఆ సమితిలో 1955 వరకు సభ్యత్వము పొందలేదు. చైనా నూతన ప్రభుత్వమును 1950లోనే గుర్తించినను, ఉభయుల నడుమ రాయబారులు లేరు.

వాణిజ్యమంత్రి ఆర్. జి. సేననాయక నాయకత్వమున ఒక బృందము పెకింగు నగరమునకు వెళ్లెను. 1952 డిసెంబరు 18న అయిదేండ్ల ఒడంబడిక జరిగెను. చైనా ఏటేట 2,70,000 టన్నుల బియ్యమును, సింహళము 50,000 టన్నుల రబ్బరును పంపవలెను. రబ్బరునకు ప్రపంచ విపణిలోని ధరకంటె హెచ్చు ధర లభించెను. ఇందులకు అమెరికా అసమ్మతి తెలిపి, సింహళమునకు సహాయము నిలిపివేసెను. అయినను ఆ ప్రభుత్వము ప్రజల ఆహారమునే ముఖ్యముగా నెంచి వెనుదీయలేదు.

ఒడంబడికతోనే కష్టములన్నియు తీరలేదు. 1953లో ప్రభుత్వము రాయితీని తగ్గించుటచే రేషను బియ్యము కొలత ధర 25 సెంట్ల నుండి 70 సెంట్లకు పెరిగెను. ఆగష్టు 12న దేశమంతట హర్తాళము జరిగెను. కొందరు ప్రాణములు కోల్పోయిరి. అక్టోబరులో ప్రధానమంత్రి డడ్లీ సేననాయక రాజీనామా చేసిరి. ఓడలలో బియ్యము రేవునకు చేరుట యొక యెత్తు, అది పేదవాని వంటింటికి అందుబాటు ధరకు చేరుట మరియొక యెత్తు.

అయినను సరకుల రాకపోకలు ఆగలేదు. 1957 ఫిబ్రవరిలో ఉభయ దేశముల నడుమ దౌత్యసంబంధములు ఏర్పడెను. ఒడంబడిక మరల మరల పొడిగింపబడి 1982 వరకు నడచెను. ఇరువురి అవసరమును గుర్తించి, పరిమాణమును, గడువును స్పష్టముగ వ్రాసికొని, ఇచ్చిన మాటను నిలుపుకొనుటయే ఇంతకాలము అది నిలుచుటకు మూలము. దేశముల నడుమనైనను, గ్రామముల నడుమనైనను ఒప్పందమునకు ఇవియే పునాదులు.