బన్సీలాల్‌పేట మెట్లబావి

పేట బాగుపడడం అనగానే కొత్త రోడ్లు, వీధిదీపాలు గుర్తుకు వస్తాయి. ఉన్నదానిని కాపాడుకోవడం కూడా అభివృద్ధియే అనడానికి సికింద్రాబాదులోని బన్సీలాల్‌పేట మెట్లబావి నిదర్శనం.

ఇది 17వ శతాబ్దం నాటి కట్టడమని ప్రతీతి. వేసవిలో నీటిమట్టం ఎంత తగ్గినా, మెట్లు దిగి వెళ్ళి కడవ ముంచుకొనే వీలు కల్పించడం మెట్లబావుల ప్రత్యేకత. ఇళ్ళకు కుళాయిలు వచ్చిన తరువాత బావితో పని లేకుండా పోయింది. అవసరం తీరినచోట ఆదరణ కూడా నశిస్తుంది. దశాబ్దాల తరబడి చెత్త, మట్టి చేరి మెట్లు కనుమరుగయ్యాయి.

2021లో ప్రభుత్వ శాఖలు, స్వచ్ఛంద సంస్థ కలసి పునరుద్ధరణకు పూనుకొన్నాయి. పూడిక తీసేకొద్దీ రాతిమెట్లు బయటపడ్డాయి. అడుగున నీరు ఊరింది. పైన ఇంత చెత్త పేరుకొన్నా ఊట మాత్రం చావలేదు! 2022 డిసెంబరులో బావిని ప్రజల సందర్శనకు తెరిచారు.

ఈ బావిని పూడ్చివేసినది వరద కాదు, భూకంపం కాదు. రోజుకింత చొప్పున మనుషులు పారవేసిన చెత్త. తవ్వి తీయడానికి యంత్రాలు, ధనం కావలసి వచ్చాయి. మళ్ళీ పూడిపోకుండా కాపాడడానికి మాత్రం పేటవాసుల మంచి అలవాటు ఒక్కటే చాలు.