మబ్బుల చాటు వరిపొలాలపై రాడార్ నిఘా

ఖరీఫ్ వరి నాట్లు పడే నెలల్లోనే దేశంలో ఆకాశం మబ్బు కమ్మి ఉంటుంది. సూర్యకాంతి ఆధారంగా చిత్రాలు తీసే ఉపగ్రహాలకు మేఘాలే ప్రధాన అవరోధం. వరి విస్తీర్ణం అంచనా తప్పితే ధాన్యం సేకరణ, నిల్వలు, బియ్యం ఎగుమతులపై తీసుకునే నిర్ణయాలూ తప్పుతాయి. ఆ భారం చివరకు పడేది రైతుపైన, వినియోగదారునిపైనే.

1988 మార్చి 17న తొలి పూర్తిస్థాయి దూర సంవేదన ఉపగ్రహం ఐఆర్ఎస్-1ఎ ప్రయోగంతో భారత్ తన భూముల చిత్రాలను తానే క్రమం తప్పకుండా తీసుకోవడం ప్రారంభించింది. హైదరాబాద్‌లోని జాతీయ దూర సంవేదన సంస్థ ఆ చిత్రాలను విశ్లేషించే ప్రధాన కేంద్రంగా రూపొందింది. అయితే మేఘాల సమస్యకు స్వదేశీ పరిష్కారం 2012 ఏప్రిల్ 26న శ్రీహరికోట నుంచి ప్రయోగించిన రీశాట్-1తో లభించింది. 2022 ఫిబ్రవరి 14న ప్రయోగించిన ఇఒఎస్-04 కూడా ఈ కోవలోనిదే.

రాడార్ తరంగాలు మేఘాలను దాటి నేలను చేరతాయి. దమ్ము చేసి నీరు నింపిన మడిపై పడిన తరంగాలు ఉపగ్రహం వైపు తిరిగి రాకుండా పక్కకు మళ్లుతాయి. అందువల్ల ఆ మడి చిత్రంలో నల్లగా కనిపిస్తుంది. పైరు దుబ్బు కట్టి ఎదిగేకొద్దీ తిరిగి వచ్చే తరంగాలు పెరిగి, అదే మడి తెల్లబడుతుంది. కొన్ని వారాల్లో వచ్చే ఈ మార్పే వరి పైరుకు ఆనవాలు.

ఈ చిత్రాలకు నేల స్వభావం, వాలు, వర్షపాతం, కాలువల పటాలను జోడిస్తే వరికి అనువైన భూములేవో, చౌడు తేలినవేవో, ముంపు ప్రాంతాలేవో విడదీయవచ్చు. వరి కోసిన తర్వాత బీడుగా మిగిలే భూములను కూడా ఇదే విధంగా గుర్తిస్తారు. ఇటువంటి భూములు తూర్పు రాష్ట్రాల్లో అధికం. వీటిలో పప్పుధాన్యాలు, నూనెగింజల సాగును ప్రోత్సహించేందుకు కేంద్రం 2016-17లో ప్రత్యేక కార్యక్రమం చేపట్టింది. కృష్ణా డెల్టా రైతులు వరి కోతకు ముందే చేలో మినుము, పెసర చల్లి నేలలోని తేమతోనే రెండో పంట తీయడం చిరకాలంగా ఉన్న పద్ధతే.

అయితే పటం నేలను చూపగలదే తప్ప నీటిని తేలేదు. చిన్న కమతాలు, ఒకే చోట కలగలిసి ఉన్న పైర్లు ఉపగ్రహాన్ని ఇప్పటికీ తికమక పెడతాయి. అందుకే క్షేత్రస్థాయి పరిశీలనతో సరిచూడనిదే ఏ చిత్రాన్నీ తుది లెక్కగా తీసుకోరాదు. అనువైన భూమి ఎక్కడుందో ఉపగ్రహం చెబుతుంది. అక్కడికి తగిన విత్తనం, సాగునీరు, గిట్టుబాటు ధర చేర్చవలసిన బాధ్యత మాత్రం ప్రభుత్వాలదే.